నల్లమల అంచు వెంట కాలిబాట ఎందుకు లేదు?

రెండేళ్ల కిందట ఇంగ్లండులో మా అక్క కూతురి ఇంటికి వెళ్లాను. ఒక ఆదివారం పొద్దున్నే డోర్సెట్ తీరానికి తీసుకెళ్లింది. లల్‌వర్త్ కోవ్ అనే గుండ్రటి చిన్న ఖాతం దగ్గర కారు ఆపి, సుద్దకొండ మీదికి రాళ్లు పరిచిన బాట పట్టాం. ఎడమ చేతి వైపు సముద్రం, కుడి వైపు పచ్చిక, ఎదురుగా గాలి. రెండు కిలోమీటర్లు కూడా ఉండని ఆ నడక చివర డర్డిల్ డోర్ అనే రాతి తోరణం ఉంది. ఏనుగు నీళ్లలో తొండం ముంచి నిలబడినట్టు కనిపిస్తుంది. పిల్లలు, ముసలివాళ్లు, కుక్కలు, అంతా జాతరే. కారు నిలిపినందుకు డబ్బులు తీసుకున్నారు కానీ, నడిచినందుకు ఎవరూ ఏమీ అడగలేదు.

"మామయ్యా, మన నల్లమలలోని ఫరహాబాద్ వ్యూపాయింటు దీనికి ఎందులో తక్కువ? కొండ అంచు వెంట ఇలాంటి బాట ఒకటి వేస్తే సరిపోతుంది కదా?" అని అడిగింది.

నాది అచ్చంపేట. నల్లమలను వాకిట్లోంచి చూస్తూ పెరిగినవాణ్ని. అయినా ఆ పూట నా నోటికి వచ్చిన జవాబు "అడవిశాఖ వాళ్లు ఒప్పుకోరమ్మా" అన్నది ఒక్కటే. ఇంటికి తిరిగొచ్చాక ఆ మాట నాకే తృప్తినివ్వలేదు. ఒప్పుకోకపోవడానికి కారణం ఉంటుంది, ఆ కారణం వెనక ఇంకో కారణం ఉంటుంది. రాయి, నీరు, పులి, చట్టం, చెంచులు, అన్నీ ఒకదానితో ఒకటి చిక్కుపడి ఉన్న వ్యవహారం ఇది. ఒక్కొక్క పోగూ లాగి చూద్దాం.

ముందు రాయి సంగతి. అచ్చంపేట పొలాల్లో బావి తవ్వినా, బోరు వేసినా తగిలేది గ్రానైటు. దాదాపు 250 కోట్ల ఏళ్ల నాటిది. మన్ననూరు ఘాటెక్కి అమ్రాబాద్ పీఠభూమి మీదికి చేరగానే రాయి మారిపోతుంది. అక్కడ ఉండేది క్వార్ట్‌జైట్. ఎప్పుడో పేరుకున్న ఇసుక పొరలు గట్టిపడి, సుత్తితో కొడితే ఖంగుమనే రాయిగా తయారయ్యాయి. దాని వయసు కూడా వంద కోట్ల ఏళ్లు దాటినదే. గ్రానైటు పీట మీద ఈ పొరలు దాదాపు బల్లపరుపుగా పరుచుకుని ఉన్నాయి. అందుకే నల్లమల దూరం నుంచి శిఖరాల వరుసలా కాక, గోడ కట్టినట్టు కనిపిస్తుంది. అంచుకు రాగానే నేల తెగిపోయినట్టు నిట్టనిలువుగా దిగిపోతుంది. మన దగ్గర ఇలాంటి లోతైన లోయను లొద్ది అంటారు. ఈ అడవిలో కొలువైన లొద్ది మల్లయ్య స్వామి పేరు అక్కడి నుంచి వచ్చిందే.

గ్రానైటూ క్వార్ట్‌జైటూ కలిసే ఆ అతుకు దగ్గరే యురేనియం ఉందని భూగర్భ శాస్త్రవేత్తలు గుర్తించారు. నల్లగొండ జిల్లా పెద్దవూర వైపు లంబాపూర్–పెద్దగట్టులో గొడవ మొదలైంది దాని కోసమే. 2019లో అమ్రాబాద్ అడవిలో తవ్వకాలకు వ్యతిరేకంగా జనం రోడ్డెక్కితే, ఆ సెప్టెంబరులో తెలంగాణ శాసనసభ కూడా వద్దని తీర్మానం చేసింది. మనం అందమని ఫొటోలు తీసుకునే అంచును నిలబెట్టిన రాతి అమరికే ఆ గొడవకూ మూలం.

డోర్సెట్ రాయి ఇంత మొండిది కాదు. ఆ తీరంలో బయటపడే పొరలు మొత్తం కలిపి 18.5 కోట్ల ఏళ్ల చరిత్ర చెబుతాయి. మన రాతి ముందు అవి నిన్నటి పిల్లలు. సుద్ద, బంకమట్టి, సున్నపురాయి. అలలు కింద కొరుకుతూ ఉంటే పైన అంచు విరిగి పడుతూ ఉంటుంది. ఏటేటా కొంత బాట సముద్రంలో కలిసిపోతుంది. అందుకే ఇంగ్లండువారు 2009లో తీరపు బాటల కోసం చేసిన చట్టంలో ఒక తెలివైన ఏర్పాటు పెట్టుకున్నారు. అంచు వెనక్కి జరిగితే బాట కూడా వెనక్కి జరిగేలా ముందే రాసుకోవచ్చు. నల్లమలలో ఆ బెడద చాలా తక్కువ. నిలువు పగుళ్ల వెంట అక్కడక్కడా బండలు ఊడిపడతాయి, చరియల కింద పెద్ద తేనెపట్టులు వేలాడుతుంటాయి, ఆ ఈగలు రేగితే పరుగెత్తడానికి చోటుండదు. అయినా రాయిని బట్టి చూస్తే బాట మన దగ్గరే ఎక్కువ కాలం నిలుస్తుంది. కాబట్టి బాట లేకపోవడానికి కారణం రాయి కాదు.

ఇక నీరు. మా మేనకోడలి పోలికలో నాకు అన్నిటికన్నా నచ్చింది ఇదే, ఎందుకంటే ఆమె అనుకున్నదానికన్నా అది నిజం. హిమయుగం ముగిశాక సముద్రమట్టం పెరిగి, ఇంగ్లండు నైరుతి తీరంలోని నదీ లోయల్లోకి ఉప్పునీరు చొరబడింది. కొండల మధ్యకు వేళ్లలా చొచ్చుకుపోయిన నీటిపాయలు అలా ఏర్పడినవే. మన దగ్గర సముద్రం పని ఆనకట్టలు చేశాయి. కింద నాగార్జునసాగర్ నీరు నిండినప్పుడు శ్రీశైలం ఆనకట్ట పాదాల దాకా వస్తుంది, పైన శ్రీశైలం నీరు కొల్లాపూర్ వైపు సోమశిల దాటి పరుచుకుంటుంది. ప్రతి వాగు లోయలోకీ నీరు ఎగదన్నింది. శ్రీశైలం రోడ్డు పక్క ఉన్న ఆక్టోపస్ వ్యూపాయింటుకు ఆ పేరు రావడానికి కారణం అదే. ఆ చేతులన్నీ ఒకప్పటి వాగులే. తీరమే లేని మన ప్రాంతానికి తీరం అలా వచ్చింది. నల్లగొండ జిల్లా నేరెడుగొమ్ము దగ్గర సాగర్ వెనుక జలాల ఒడ్డున వైజాగ్ కాలనీ అనే ఊరుంది. విశాఖ వైపు నుంచి చేపల వేటకు వచ్చి స్థిరపడినవాళ్ల వల్ల వచ్చిన పేరది. సముద్రం రాకపోయినా సముద్రపు మనుషులు వచ్చారు.

ఆటుపోట్లు కూడా ఉన్నాయి. కాకపోతే మన పోటు ఏడాదికి ఒక్కసారే. శ్రీశైలం పూర్తి మట్టం సముద్రమట్టానికి 885 అడుగులు. నీటి పంపకాల వార్తల్లో కింది మట్టంగా తరచు కనిపించే ఇంకో అంకె 834. ఈ రెంటికీ తేడా 51 అడుగులు, అంటే పదిహేను మీటర్లకు పైనే. ప్రపంచంలో అతి పెద్ద పోట్లలో ఒకటిగా చెప్పుకునే బ్రిస్టల్ చానల్‌లో కూడా నీరు లేచి దిగేది 14 మీటర్ల దాకానే. వాళ్లకు రోజుకు రెండుసార్లు జరిగేది, మనకు ఆగస్టు, సెప్టెంబరుల్లో లేచి వేసవికి దిగుతుంది. నిట్టనిలువు చరియ మీద ఈ తేడా పాలిపోయిన పట్టీలా కనిపిస్తుంది. సోమశిల లాంటి వాలు ఒడ్డున మాత్రం నీరు చాలా దూరం వెనక్కి పోయి, నెర్రెలు విచ్చిన ఒండ్రు బయటపడుతుంది. నీటి అంచునే నడవాలనుకుంటే ఆగస్టు బాట వేరు, మే నెల బాట వేరు. ఇంగ్లండులోనూ ఇలాంటి తిప్పలున్నాయి. మేం నడిచింది నైరుతి తీరపు బాటలో ఒక ముక్క. ఆ పెద్ద బాట మీద చాలా నదుల దగ్గర పడవ ఎక్కాలి. ఎర్మ్ అనే నదికి పడవ కూడా లేదు. పోటు బాగా దిగిన వేళ చూసుకుని మోకాలి లోతు నీళ్లలో దాటాలి. మన పుట్టి నడిపేవాళ్లకు ఈ లెక్కలు కొత్త కాదు. నీరు కూడా చిక్కేమీ కాదు.

అసలు ముడి ఎక్కడుందంటే, బాట ఎందుకు పుడుతుంది అన్న ప్రశ్న దగ్గర. ఇంగ్లండు నైరుతి తీరపు బాట 630 మైళ్లు, వెయ్యి కిలోమీటర్లకు పైమాటే. దాన్ని ఎవరూ అందం చూడటానికి వేయలేదు. పన్ను ఎగ్గొట్టి సారా, పొగాకు, పట్టు దొంగతనంగా దించేవాళ్లను పట్టుకోవడానికి తీరరక్షక సిబ్బంది పగలూ రాత్రీ గస్తీ తిరిగేవారు. ప్రతి ఖాతంలోకీ, ప్రతి సందులోకీ తొంగిచూడాలి కాబట్టి వాళ్ల అడుగులు అంచును వదలలేదు. అందుకే ఆ బాట దగ్గరి దారి చూసుకోదు. ప్రతి వంకకూ వంక తిరుగుతుంది. ఆ పని ఆగిపోయాక బాట మిగిలింది, విహారయాత్రికులు అందుకున్నారు.

నల్లమలలో బాటలు లేవా? మనకు ఉన్నవి వాళ్లవాటికన్నా పాతవి. శ్రీశైలానికి నాలుగు ద్వారాలు. తూర్పున త్రిపురాంతకం, దక్షిణాన సిద్ధవటం, పడమట మన అలంపురం, ఉత్తరాన మా ఉమామహేశ్వరం. ఇవి గాక సోమశిల, ఇప్పుడు సాగర్ నీళ్ల కిందికి పోయిన ఏలేశ్వరం లాంటి ఉపద్వారాలు. శివరాత్రికి ఆ దారుల్లో శతాబ్దాలుగా జనం నడిచారు. కానీ ఒక్కటి గమనించండి. ఉత్తరం వైపు నుంచి పోయే ఆ బాటలు కొండ ఎక్కి, అడవి దాటి, కృష్ణలోకి దిగి, అవతలి ఒడ్డున మల్లన్న దగ్గరికి పోయేవి. అంచును దాటడానికి పుట్టిన దారులవి, అంచు వెంట పోవడానికి కాదు. భక్తుడికి లొద్ది అడ్డంకి, చూడదగ్గ చోటు కాదు. ఎంత తొందరగా దిగి దాటితే అంత మంచిది. మన దగ్గర అంచు వెంట గస్తీ తిరగాల్సిన అవసరం ఏ రాజుకూ రాలేదు. ఫరహాబాద్‌లో నిజాం కాలపు వేట విడిది కూడా ఒక చోట కూర్చుని చూడటానికే.

అంచుతో నిజంగా పని ఉన్నవాళ్లు ఒక్కరే, చెంచులు. తేనె కోసం. చరియ కింద వేలాడే పట్టును అందుకోవాలంటే పైనుంచి తాడు పట్టుకుని దిగాలి. నారలతో, తీగలతో పేనిన తాడు. పైన దాన్ని పట్టుకునేది బావమరిదే అయి ఉండాలంటారు. అక్క పసుపుకుంకుమలు తన చేతిలో ఉన్నవాడు తాడు వదలడు కదా. ఏ చరియకు ఏ దారిన చేరాలో వాళ్లకు తెలుసు. అయితే ఆ దారులు రాళ్లు పరిచినవి కావు, నక్షాలో గీసినవీ కావు. మన పల్లెల్లో దారి తగాదా వస్తే ముందు నక్షా తీయిస్తాం. నక్షాబాట అయితే ఎవడూ మూయలేడు, కాకపోతే పెద్దమనుషుల దయ. చెంచు బాట ఏ నక్షాకూ ఎక్కలేదు.

ఇక్కడి నుంచి చట్టం మొదలవుతుంది. ఇంగ్లండులో జనం ఎవరి అభ్యంతరమూ లేకుండా, హక్కుగా, 20 ఏళ్ల పాటు నడిచిన బాట సాధారణంగా ప్రజల బాట అవుతుంది. 1980 నాటి హైవేస్ చట్టంలో ఆ మాట ఉంది. నేను నడిచిన లల్‌వర్త్ కొండ ఒక కుటుంబపు ఎస్టేటు. అయినా నడిచే హక్కు అందరిదీ. భూమి యజమానిది, అడుగు జనానిది. మన అభయారణ్యాల్లో లెక్క దీనికి తలకిందులు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం 27వ సెక్షను ప్రకారం అభయారణ్యంలోకి వెళ్లగలిగేవాళ్లు కొందరే. విధుల్లో ఉన్న ప్రభుత్వ సిబ్బంది, లోపల నివసించడానికి అనుమతి ఉన్నవాళ్లు, లోపల స్థిరాస్తి హక్కులున్నవాళ్లు, వీళ్ల మీద ఆధారపడినవాళ్లు, ప్రజారహదారి మీదుగా సాగిపోయేవాళ్లు. మిగతావాళ్లు ఎవరైనా, చదువుకో, ఫొటోలకో, విహారానికో, అనుమతి పత్రం తీసుకోవాల్సిందే. కాబట్టి హైదరాబాదు–శ్రీశైలం బస్సులో కూర్చున్నంతసేపూ మీరు హక్కుదారులు. బస్సు దిగి చెట్లలోకి పది అడుగులు వేస్తే అనుమతి లేని చొరబాటు. ఆ రోడ్డు మీద కూడా రాత్రి తొమ్మిది నుంచి పొద్దున ఆరు దాకా వాహనాలు వదలరు.

ఒక తమాషా ఉంది. వాళ్ల నైరుతి తీరపు బాటలో చివరి భాగం ప్రజలకు తెరిచింది 1978లో. మన నాగార్జునసాగర్–శ్రీశైలం అభయారణ్యాన్ని ప్రకటించింది కూడా 1978లోనే. ఒకే ఏడాది అక్కడ అంచు తెరుచుకుంది, ఇక్కడ మూసుకుంది. 1983లో ఇది పులుల అభయారణ్యమైంది. రాష్ట్రం విడిపోయాక తెలంగాణ వైపు భాగం 2,600 చదరపు కిలోమీటర్లకు పైబడిన అమ్రాబాద్ టైగర్ రిజర్వు అయింది. కృష్ణ వైపు అంచు చాలావరకు దీని కోర్ ప్రాంతంలోనే ఉంది. వన్యప్రాణి చట్టానికి 2006లో చేసిన సవరణ కోర్‌ను, అంటే రిజర్వు నడిబొడ్డును, మనిషి అలికిడి లేకుండా ఉంచాలంటుంది. పులికి అంచు ఎందుకని అడగవచ్చు. ఎండాకాలం పీఠభూమి మీద నీరు ఎండిపోతుంది. మిగిలేవి లొద్దుల్లోని గుండాలు, కింద కృష్ణ. జింకలు ఆ దారుల్లోనే దిగుతాయి, వాటి వెనక పులి దిగుతుంది. మనకు చూడముచ్చటైన చోటే వాటికి మంచినీళ్ల బాట.

కాలం కూడా కలిసిరాదు. కొండ పచ్చగా, నీరు నిండుగా ఉండే జూలై నుంచి సెప్టెంబరు దాకా రిజర్వులో సఫారీలు మూసేస్తారు. మార్చి తరువాత ఆకు రాలి, గడ్డి ఎండి, ఒక్క బీడీ ముక్క చాలు కొండ అంటుకోవడానికి. మధ్యలో మిగిలేది అక్టోబరు నుంచి చలికాలం చివరి దాకా. అందులోనూ నిండు నీరు చూడాలంటే మొదటి రెండు నెలలే.

డోర్సెట్‌లో మాత్రం గేట్లు లేవనుకునేరు. లల్‌వర్త్ ఖాతానికి తూర్పు వైపు తిరిగితే అదే బాట సైన్యం కాల్పుల సాధన మైదానంలోకి పోతుంది. ఎర్ర జెండా ఎగిరితే నడక బంద్. ఎక్కువగా శని ఆదివారాల్లో, సెలవుల్లో తెరుస్తారు. ఆ మైదానంలో టైన్‌హమ్ అనే ఊరుంది. 1943 డిసెంబరులో యుద్ధం పేరుతో ఖాళీ చేయించారు. వెళ్లినవాళ్లు తిరిగి రాలేదు. మొండిగోడలు, బడి, చర్చి మిగిలాయి. అవి చూసినప్పుడు నాకు శ్రీశైలం ముంపు గుర్తొచ్చింది. వందకు పైగా ఊళ్లు నీళ్లలోకి పోయాయి. సోమశిల గుళ్లను విప్పి ఒడ్డున మళ్లీ కట్టారు. ఇళ్లను విప్పి కట్టలేదు. టైన్‌హమ్‌కు చూసిరావడానికి గోడలైనా ఉన్నాయి.

చెంచుల విషయం దగ్గర నా అభిప్రాయం దాచుకోను. కోర్ నుంచి చెంచుపెంటలను, అంటే చెంచుల చిన్న ఊళ్లను, బయటికి తరలించాలన్న ప్రయత్నాలు ఏళ్లుగా సాగుతున్నాయి. వాళ్లు ఇష్టపడితేనే, గ్రామసభ ఒప్పుకుంటేనే కదిలించాలని చట్టం అంటుంది. 2006 అటవీ హక్కుల చట్టం ఇలాంటి ఆదిమ తెగలకు తమ ఆవాస ప్రాంతం మొత్తం మీద సామూహిక హక్కును గుర్తిస్తుంది. పులి కోసమని పెంటను లేపి, అదే అంచు మీద మన సెలవుల కోసం రాళ్లు పరిచి కంచె కడితే, దానికి ఏ పేరు పెట్టినా న్యాయం అనిపించుకోదు. బాట వేయాలా వద్దా అన్నది అచ్చంపేటలో నేనూ, ఇంగ్లండులో మా మేనకోడలూ తేల్చే సంగతి కాదు. అడగాల్సిన గుమ్మాలు అప్పాపూర్, రాంపూర్ లాంటి చెంచుపెంటల్లో ఉన్నాయి.

ఏడాదికి ఒక్కసారి ఆ గుమ్మాలు దాటుకుని మనమూ పోతాం. చైత్ర పౌర్ణమికి అటూ ఇటూ కొద్ది రోజులు సలేశ్వరం జాతర. రాంపూర్ పెంట దగ్గర బండి దిగి అయిదారు కిలోమీటర్లు. కొండ అంచుకు చేరి, చరియను ఒరుసుకుంటూ ఒకరి వెనక ఒకరు లొద్దిలోకి దిగాలి. "వస్తున్నాం లింగమయ్యా" అని దిగేవాళ్ల కేక, "పోతున్నాం లింగమయ్యా" అని ఎక్కేవాళ్ల కేక. కింద ఎత్తు నుంచి పడే చల్లటి ధార, గుండం, చీకటి గుహలో లింగం. పూజారి చెంచు. నల్లమలలో చరియ అంచున జరిగే ఇంత పెద్ద నడక నాకు తెలిసి ఇంకోటి లేదు. ఇరుకు బాట మీద ఎండలో తోపులాట ఎలా ఉంటుందో, మరుసటి రోజు అడవిలో ఎన్ని నీళ్ల సీసాలు మిగులుతాయో కూడా అక్కడే తెలుస్తుంది. కొద్ది రోజులకే అడవి ఇంత మోస్తుంటే, ఏడాది పొడవునా తెరిచి ఉంచాలనడానికి నాకు నోరు రాదు. జాతరను ఆపమనడానికీ రాదు. అది మన సరదా కన్నా పాతది.

అలాగని నడక దొరకదని కాదు. మన్ననూరులో అటవీశాఖ ఏర్పాటు చేసే బస, ఫరహాబాద్ సఫారీ, చెంచు యువకులు దారి చూపే నడక ఉన్నాయి. ముందుగా మాట్లాడుకుని వెళ్లాలి. నీరు నిండినప్పుడు సోమశిల నుంచి శ్రీశైలానికి లాంచీ నడుపుతారు. చరియను కింది నుంచి చూడటానికి అంతకన్నా మంచి చోటు లేదు. మెడ నొప్పి పుట్టేదాకా చూడవచ్చు.

మా మేనకోడలు మొన్న ఫోను చేసింది, నవంబరులో వస్తోందట. ఎటు తీసుకెళతావని అడిగింది. ఉమామహేశ్వరం అన్నాను. రంగాపూర్ మీదుగా గుడి దాకా వెళ్లి, అక్కడి నుంచి పాపనాశనం వైపు చరియ కింద నడుద్దాం. ఒక పక్క నెత్తి మీదికి ఒరిగిన క్వార్ట్‌జైటు బండ, మరో పక్క కింద గ్రానైటు మీద పరుచుకున్న మా పొలాలు. పగుళ్లలోంచి ఊరే నీరు అక్కడక్కడా భుజం మీద పడుతుంది. పూర్తి అనుమతి ఉన్న నడక, డర్డిల్ డోర్ అంత దూరం కూడా ఉండదు.

"అక్కడ కుక్కలను తీసుకురానిస్తారా?" అని నవ్వింది.

కోతులు ఉంటాయి, చేతిలో కొబ్బరిచిప్ప పట్టుకోకు అన్నాను.